సభలో పుట్టిన పాట
(ప్రసంగ పాఠము)

గత వేసవిలో నాలుగు దినములు సెలవు పెట్టి కాశీబుగ్గలో నున్న మా అక్కగారి యింటికి వెళ్ళినాను. రాత్రి భోజనములైన తరువాత గాలి కొరకు మేడమీదికి పోగా, అక్కడ మా మేనల్లుడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, కన్నులు మూసికొని, మోకాలిపై వ్రేళ్ళతో ఏదో తాళము వేయుచు కూర్చున్నాడు. ఆ కుర్రవాడు టెక్కలిలో ఇంజనీరింగు చదువుచున్నాడు. "ఏం వింటున్నావురా?" అని అడిగినాను. సమాధానము చెప్పక హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టినాడు.

నా చెవిని మొదట పడినది సంగీతము కాదు, జనఘోష. ఒక పెద్ద హాలులో క్రిక్కిరిసి నిలిచిన మనుష్యుల కేకలు, ఈలలు, చప్పట్లు. ఆ ఘోష నడుమనుండి గిటారు లేచినది; దాని వెనుక డ్రమ్ములు లేచినవి. పావుగంటసేపు విన్నాను. శబ్దము మిక్కిలి తీవ్రముగా నున్నది. నాకు తెలిసిన ఏ రాగచ్ఛాయయు అందులో దొరకలేదు. అయినను, ఇరువదియేండ్లుగా మైక్రోఫోను ముందు బ్రతుకుచున్నవాడను గనుక నాకొక సందేహము కలిగినది. "ఇంత గోలలో ఎందుకు వినడంరా? ఇవే పాటలు స్టూడియోలో శుభ్రంగా చేసినవి లేవా?" అన్నాను.

"ఉన్నాయి మావయ్యా, అవీ విన్నాను. బాగుంటాయి. కాని వాటిలో వినేవాళ్ళు లేరు" అన్నాడు.

ఆ మాట నన్ను ఉలికిపడునట్లు చేసినది. సరిగా అదే మాటను అంతకు పదునైదేండ్ల పూర్వము మరియొకరి నోట విని, దాని అర్థము గ్రహింపలేక పోయినాను. ఆ సంగతి తరువాత మనవి చేసెదను. ముందుగా, గోల లేని ముద్రణ చేతిలో నుండగా గోలతో కూడిన ముద్రణను ఒక శ్రోత యేల కోరును? ఈ ప్రశ్నను విచారింతము.

మా మేనల్లుడు వినుచుండినది అమెరికా దేశమునకు చెందిన డ్రీమ్ థియేటర్ అను బృందము వారి కచేరి. ఈ పేరు మన శ్రోతలలో పలువురకు క్రొత్తది కావచ్చును. 1985లో బోస్టను నగరమందలి బర్‌క్లీ సంగీత కళాశాలలో కలిసికొన్న ముగ్గురు విద్యార్థులు దీనిని స్థాపించినారు. వారిలో జాన్ పెట్రూచి గిటారును, జాన్ మయాంగ్ బేస్ గిటారును, మైక్ పోర్ట్‌నోయ్ డ్రమ్ములను వాయించెడివారు. కెనడా దేశీయుడైన జేమ్స్ లాబ్రీ తరువాత గాయకుడుగా చేరినాడు. న్యూయార్కులోని సుప్రసిద్ధమైన జూలియార్డు విద్యాలయమున పియానో నభ్యసించిన జోర్డన్ రూడెస్ 1999లో వీరితో కలిసినాడు.

వీరి సంగీతమును ప్రోగ్రెసివ్ మెటల్ అందురు. మెటల్ అనునది రాక్ సంగీతములో బరువైన శాఖ. విద్యుత్తు గిటారు ధ్వనిని యంత్రము ఓర్చుకొనగల మేరకు మించి పెంచినచో అది గరగరలాడుచు, హాలంతయు నిండునంత దట్టముగా మారును. మన కచేరీలో తంబుర శ్రుతి యెట్లు వెనుక నిలిచియుండునో, ఈ సంగీతములో ఆ గరగర అట్లు నిలిచియుండును. దీనికి ప్రోగ్రెసివ్ అను విశేషణము చేరినప్పుడు మూడు నాలుగు నిమిషముల పాట పది, ఇరువది నిమిషముల రచనగా పెరుగును. ఒక పల్లవి, రెండు చరణములతో ముగియక, అంచెలంచెలుగా సాగి, ఒక్కొక్కప్పుడు ఒక పూర్తి కథను చెప్పును.

లయ విషయము మరింత విశేషము. సామాన్యమైన రాక్ పాట నాలుగు మాత్రల నడకను విడువదు. వీరు ఏడు మాత్రలనుండి ఐదు మాత్రలకు, అందుండి తొమ్మిదికి, మరల నాలుగుకు క్షణములో దుముకుదురు. ఏడు అన్నప్పుడు మనము మిశ్రచాపును, ఐదు అన్నప్పుడు ఖండచాపును తలచుకొనిన చాలును. వీరి 'డాన్స్ ఆఫ్ ఇటర్నిటీ' అను వాద్యరచన నిడివి ఆరు నిమిషములకు కొంచెము పైన. ఆ కొద్దిసేపటిలో లయ నూరుసార్లకు పైగా మారును. ఈ విద్య మన ప్రాంతమువారికి బొత్తిగా పరాయిది కాదు. అజ్జాడ గ్రామమున 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, శిరస్సుతో ఐదు తాళములను ఏకకాలమున నడపిన పంచముఖి యని ప్రసిద్ధి. లెక్క తప్పునేమోనన్న ఉత్కంఠ, తప్పక సమమునకు వచ్చినప్పటి ఆనందము సభలో కూర్చున్నవారికే పూర్తిగా దక్కును. ఈ సూత్రమును గుర్తుంచుకొనవలసినదిగా శ్రోతలను కోరుచున్నాను.

ఈ బృందము 1999లో ఒక పెద్ద కథాగేయమును స్టూడియోలో ముద్రించినది. దాని పేరు 'మెట్రోపొలిస్ రెండవ భాగము: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. నికొలస్ అను యువకుడు వైద్యుని చేత మాయనిద్రకు లోనై తన పూర్వజన్మను దర్శించును. ఆ జన్మలో తాను 1928లో హత్యకు గురియైన విక్టోరియా అను యువతినని తెలిసికొనును. పునర్జన్మ కథ మన వారికి కొత్త కాదు గదా! ఈ కథను ఆద్యంతము 2000 ఆగస్టు 30వ తేదీన న్యూయార్కు నగరములోని రోజ్‌లాండ్ బాల్‌రూమ్ అను శాలలో, జనసమక్షమున వినిపించినారు. వైద్యుని పాత్రకు ఒక నటుడు వేదికపైకి వచ్చినాడు. చర్చిలో పాడు విధమున బృందగానము చేయు గాయకులు వచ్చినారు. కథ ముగిసిన తరువాతను కచేరి ఆగలేదు. ఇరువది నిమిషములు దాటిన 'ఎ చేంజ్ ఆఫ్ సీజన్స్' వంటి రచనలతో మొత్తము మూడు గంటలకు పైగా సాగినది. ఆ రాత్రి ముద్రణయే 'లైవ్ సీన్స్ ఫ్రమ్ న్యూయార్క్' అను పేర మూడు డిస్కులుగా వెలువడినది. అది అంగళ్ళకు వచ్చిన దినము 2001 సెప్టెంబరు 11. దాని అట్టపై న్యూయార్కు భవనములు మంటలలో నున్నట్లు ముందే చిత్రింపబడియుండుటచేత, ఆనాటి ఘోరము జరిగిన వెంటనే ప్రతులను వెనుకకు తీసికొని, వేరు అట్టతో మరల విడుదల చేసినారు.

ఇపుడు స్టూడియోలో పాట యెట్లు తయారగునో చూతము. అక్కడ పాట ఒక్క ఊపిరిలో పుట్టదు. ఒకనాడు డ్రమ్ములు, మరియొకనాడు గిటారు, ఇంకొకనాడు గానము విడివిడిగా ముద్రింతురు. తప్పు దొర్లిన చోటు మాత్రము మరల వాయించి అతుకుదురు. గాయకుడు తన గొంతునకే తాను వంతపాట పాడవచ్చును. నెలల తరబడి సాగిన ఈ పని యొక్క ఫలితము మనకు ఒక్క గంటలో వినవచ్చును. దీనిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. ఇల్లు కట్టువాడు ఇటుకపై ఇటుక పేర్చినట్లు, అదియు ఒక నిర్మాణకళయే.

కాని అదే కథను వేదికమీద వాయించునప్పుడు అతుకు వేయుటకు వీలు లేదు. నూరుసార్లు లయ మారు రచనను ఐదుగురు ఒకరినొకరు చూచుకొనుచు ఒక్క పట్టున దాటవలెను. ఏ ఒక్కడు తడబడినను మిగిలినవారు పడిపోదురు. గుడియెదుట తీగపై నడచు దొమ్మరివానిని చూచునట్లు, శ్రోత ఊపిరి బిగబట్టి వినును. కచేరి ముద్రణ యొక్క మొదటి ఆకర్షణ ఈ సాహసము.

రెండవది మార్పు. స్టూడియోలో ఒకసారి స్థిరపడిన పాట ఎన్నిసార్లు విన్నను అదియే. వేదికపై అదే రచన కొంచెము వేగిరపడును; ఒకచోట గిటారు విద్వాంసుడు తనకు తోచినంతసేపు విస్తరించును; గాయకుని గొంతు మూడవ గంటకు అలసి బొంగురుపోవును. తెలిసిన పాట తెలియని మలుపు తిరిగినప్పుడు కలుగు సంతోషము మనవారికి చక్కగా తెలియును. ఒకే విద్వాంసుని తోడి రాగమును ఈ సంవత్సరము విని, మరుసటి సంవత్సరము మరల వినబోవుట అందుకే గదా.

మూడవది జనము. మా మేనల్లుడు చెప్పినది దీనిని గూర్చియే. వేదికపై నెమ్మదియైన స్వరము మొదలుకాగానే హాలు మాట మాని వినును. పేరుపొందిన ఘట్టము రాగానే వేల గొంతులు కలిసి పాడును. ఆ గొంతులు విని వాద్యకారులు రెట్టించిన ఉత్సాహముతో వాయింతురు. ఇట్లు ఇచ్చిపుచ్చుకొనుట సాగుచున్నప్పుడు సంగీతమును చేయువారు ఐదుగురు కారు, ఆ హాలులోని వారందరును.

ఈ మూడు గుణములును కూడిన ఒక కళ మన ఉద్దానములోనే ఉన్నది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతములవారు ఎరిగిన జముకుల కథయే అది. జముకు చిన్న వాద్యము. కుంచము వంటి గొట్టమునకు ఒక ప్రక్క తోలు బిగించి, ఆ తోలు నడుమనుండి ఒక నరపు తీగను లాగి, దాని కొనకు చిన్న పుల్ల కట్టుదురు. గొట్టమును చంకలో నుంచుకొని, ఒక చేత తీగను బిగించుచు, రెండవ చేత మీటుదురు. బిగువు పెరిగినచో స్వరము హెచ్చును, సడలినచో తగ్గును. తీగవాద్యమును తోలువాద్యమును ఒక్కటియైన ఈ పరికరము లయను స్వరమును ఏకకాలమున పలికించుచు, ఒక్కొక్కప్పుడు మనిషి మూలిగినట్లును, నవ్వినట్లును ధ్వనించును. కథకుడు, వంతలు కలిసి అమ్మవార్ల కథలను, పురాణకథలను రాత్రియంతయు చెప్పుదురు.

నా ఎనిమిదవ యేట మా అమ్మమ్మగారి ఊరిలో తొలిసారిగా ఈ కథను విన్నాను. ఊరు వజ్రపుకొత్తూరు మండలములో సముద్రమునకు దాపున నున్నది. కథ జరిగినది ఊరి వెలుపల కొబ్బరితోటలో. పెట్రోమాక్సు లైటు వెలుగులో చాపలు పరచుకొని ఊరు ఊరంతయు కూర్చున్నది. కథకుడు ఒక వాక్యము చెప్పి ఆగును. జనము "ఊఁ" కొట్టుదురు. ఆ ఊఁ ఒక్కొక్కప్పుడు అలసటతో, ఒక్కొక్కప్పుడు ఆశ్చర్యముతో, తల్లి బిడ్డను విడుచు ఘట్టమున గద్గదముగా వచ్చెడిది. దానిని బట్టి కథకుడు కథను సాగదీయుటయో, కుదించుటయో చేసెడివాడు. పిల్లలు నిద్రపోవుచున్నచో హాస్యమును దింపెడివాడు. పైన కొబ్బరియాకుల గలగల, దూరమున సముద్రపు హోరు, మధ్య జముకు నాదము. ఇవన్నియు కలిసి ఒక్క పాటగా నాకు నేటికిని జ్ఞాపకమున్నవి.

ఈ కళకు జనమును కదల్చు శక్తి ఎంత కలదో చరిత్రయే చెప్పుచున్నది. బొడ్డపాడులో నివసించిన కవి సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ రైతాంగ ఉద్యమకాలమున తన భావములను జముకుల కథగా మలచి ఊరూర వినిపించినాడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పులలో మరణించినాడు. ఆ మార్గమును గూర్చి ఎవరి అభిప్రాయము వారికుండవచ్చును. మన విషయమునకు సంబంధించినంతవరకు గమనింపవలసినది ఒకటి. ఆయన పాటలను నేడు పుస్తకమున చదువవచ్చును. వాటిని విన్న జనము ఏ మాటకు ఊఁ కొట్టినారో, ఏ మాటకు మౌనము వహించినారో పుస్తకము చెప్పజాలదు.

ఇక నేను చేసిన పొరపాటును మనవి చేసెదను. పదునైదేండ్ల క్రిందట, నేను పనిచేయుచుండిన ఒక కేంద్రమునకు ఉద్దానమునుండి ఒక జముకుల కథాదళమును పిలిపించినాను. కథకుడు వృద్ధుడు. రాత్రియంతయు చెప్పు కథను ఇరువదియెనిమిది నిమిషములకు కుదింపుమని కోరినాను. గజ్జెల చప్పుడు హెచ్చుగా నున్నదని గజ్జెలు విప్పించినాను. వంతలను కేకలు వేయవద్దంటిని. తలుపులు మూసి, ఎర్రదీపము వెలిగించి, గాజుపలక వెనుకనుండి చేతితో సైగ చేసినాను. ఆయన నాలుగు వాక్యములు చెప్పి ఆగిపోయినాడు. మరల మొదలుపెట్టి మరల ఆగినాడు. ఏమి లోపమని లోనికి వెళ్ళి అడుగగా, "గోడకి కత సెప్పమంతారేటి బాబూ? ఊఁ కొట్టేవోలేరి?" అన్నాడు.

నేను నవ్వి, రేడియోలో అట్లు కుదరదని నచ్చజెప్పినాను. మూడవసారి ఎట్లో పూర్తియైనది. శ్రుతి తప్పలేదు, మాట తడబడలేదు, సమయము సరిపోయినది. ముద్రణను ఆయనకు వినిపించినాను. ఆసాంతము విని, కండువా సర్దుకొని, "సుబ్బరంగుంది బాబూ, మనుసులే నేరు" అన్నాడు. దానిని మెచ్చుకోలుగానే భావించినాను. ఐదేండ్ల తరువాత ఆయన కాలము చేసినాడు. ఆయన రాత్రియంతయు చెప్పిన కథలలో నా యెరుకలో మిగిలినది ఆ ఇరువదియెనిమిది నిమిషములే. కాశీబుగ్గ మేడమీద మేనల్లుడు "వినేవాళ్ళు లేరు" అన్నప్పుడు నాకు వినబడినది ఆ వృద్ధుని గొంతు.

ఈ లోపమునకు మూలము ముద్రణ యంత్రము పుట్టిన కాలముననే ఉన్నది. 1902లో కలకత్తా నగరమున మన సంగీతమును తొలిసారి గ్రామఫోను పలకలకెక్కించినప్పుడు ఒక ప్రక్క పట్టినది మూడు నిమిషముల పాట మాత్రమే. విద్వాంసులు గంట రాగమును మూడు నిమిషములకు నలిపి పాడినారు. ఎదుట సభ లేదు, ఒక గరాటు మాత్రమున్నది. 1948లో ప్రక్కకు ఇరువది నిమిషములు పట్టు దీర్ఘవాద్య పలకలు వచ్చిన తరువాత, సభను ఉన్నదున్నట్లు వినిపించుటకు అవకాశము కలిగినది. అమెరికాలో బెన్నీ గుడ్‌మన్ బృందము 1938 జనవరి 16న కార్నెగీ హాలులో చేసిన జాజ్ కచేరి 1950లో అట్టి పలకలుగా వచ్చి, లక్షలమందిని ఆకర్షించినది. మన దేశములో ఆకాశవాణి 1954లో సంగీత సమ్మేళనమును ప్రారంభించి, ఆహూతుల సమక్షమున కచేరీలు జరిపి ప్రసారము చేయసాగినది. ఆ చప్పట్ల మధ్య కచేరి విన్న శ్రోతలు తాము గూడ సభలో కూర్చున్నట్లే భావించినారు.

ఈ సందర్భమున రేడియోకు సంబంధించిన ఒక ఉదంతమున్నది. 1956 జూలై 7వ తేదీన న్యూపోర్టు ఉత్సవములో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందము వాయించుచుండగా, పాల్ గొంజాల్వెస్ అను శాక్సఫోను వాద్యకారుడు ఒక రచన నడుమ ఇరువదియేడు ఆవర్తములు ఆపకుండ వాయించినాడు. జనము కుర్చీలనుండి లేచినారు; ఆడినారు; కేకలు వేసినారు. కాని ఆయన తొందరలో గ్రామఫోను కంపెనీవారి మైక్రోఫోనును విడిచి, ప్రక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోవారి మైక్రోఫోనులోనికి వాయించినాడు. కంపెనీ ముద్రణలో ఆ వాద్యము సన్నగిలి వినబడినది. అప్పుడు వెలువడిన కచేరి పలకలో కొంతభాగము తరువాత స్టూడియోలో వాయించి, చప్పట్లు అతికినదని కాలక్రమమున తెలిసినది. నలువదియేండ్ల తరువాత రేడియోవారి టేపు దొరకగా, రెండింటిని జతపరచి 1999లో అసలు కచేరిని ప్రకటించినారు. పైపైన అతికిన చప్పట్లు సంగీతమునకు స్పందింపవు. నిజమైన జనము తప్పక స్పందింతురు, కొన్నిసార్లు తప్పుచోటనైనను. వినగా వినగా చెవి ఈ భేదమును పట్టుకొనును.

జనమును ముద్రించుట గూడ ఒక విద్యయే. వేదికపై ప్రతి వాద్యమునకు దగ్గరగా ఒక మైక్రోఫోను నుంచి, సభవైపు తిరిగిన మరికొన్నింటిని వేరుగా నుంతురు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును గనుక, ముప్పదినాలుగు మీటర్ల దూరమున నున్న మైక్రోఫోనుకు డ్రమ్ము దెబ్బ సెకనులో పదవవంతు ఆలస్యముగా చేరును. ఆ ఆలస్యమును ఇంజనీరు సవరింపనిచో ఒక్క దెబ్బ రెండుగా వినబడును. జనమును మరీ తగ్గించినచో కచేరి ఎండిపోవును. మరీ పెంచినచో మంచు కమ్మినట్లు పాట మసకబారును. ఆ పాలు కుదిరిన ముద్రణ వినువానికి హాలు ఎంత పెద్దదో, తాను ఎక్కడ నిలిచియున్నాడో కన్నులు మూసికొన్నను తెలియును.

అనగా సభాముద్రణలో మనుష్యులతోపాటు ఆ స్థలము గూడ నిలిచియుండును. ఈ మాట నాకు మరింత సూటిగా తగులుటకు కారణమున్నది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దాపున తీరము దాటినప్పుడు, ఉద్దానములో లక్షల కొబ్బరి, జీడిమామిడి చెట్లు నేలకూలినవి. నేను కథ విన్న ఆ తోటయు పోయినది. కథకుడు మరియొకడు దొరకవచ్చును. ఆ ఆకుల క్రింద ఆ జనము కొట్టిన ఊఁ మరల పుట్టదు. నాడే ఎవరైన ఒక టేపు త్రిప్పియుండినచో అది నేడు మన చెంత నుండెడిది.

నేడు ప్రతి యింటను చేతిఫోనున్నది. అదియొక ముద్రణ యంత్రమే. మీ ఊర అమ్మవారి సంబరమునకో, సంక్రాంతికో జముకుల కథను గాని తప్పెటగుళ్ళను గాని పెట్టించినచో, కళాకారుల అనుమతి తీసికొని, వారికి తగిన పారితోషికమిచ్చి, ముద్రించి యుంచుడు. ఫోనును చేత పట్టుకొనరాదు. ఎత్తయిన పీటమీద బట్ట పరచి నిలుపవలెను. లౌడ్‌స్పీకరు ముందు ఎన్నడును ఉంచరాదు. కథకునకు ఏడెనిమిది అడుగుల దూరమున ఒకటి, జనము నడుమ ఒకటి ఉంచిన మంచిది. కాల్ వచ్చి ముద్రణ తెగకుండ ఫ్లైట్ మోడ్‌లో పెట్టవలెను. కథ మొదలగుటకు పావుగంట ముందే ప్రారంభించి, నడుమ విరామములో గూడ ఆపకుండ నడువనిండు. ఆరంభమున ఊరిపేరు, తేది, కళాకారుల పేర్లు మీ గొంతుతో చెప్పుడు. ప్రతిని రెండుచోట్ల భద్రపరచుడు. బిడ్డ యేడ్చినదనియో, ముసలివాడు దగ్గినాడనియో ఏ భాగమును కత్తిరింపకుడు.

చివర ఒక్క సంగతి చెప్పి ముగించెదను. మొన్నటి సంక్రాంతికి మేనల్లుని వెంటబెట్టుకొని అమ్మమ్మగారి ఊరికి వెళ్ళినాను. ఆ వృద్ధుని శిష్యులు ఇరువురు కథ చెప్పుటకు ఒప్పుకొన్నారు. తుఫాను తరువాత నాటిన కొబ్బరిమొక్కలు ఇప్పుడిప్పుడే మనిషెత్తు దాటినవి. అడ్డము లేకపోవుటచేత సముద్రపు హోరు మునుపటికంటె దగ్గరగా వినబడినది. మేనల్లుడు రెండు ఫోనులు అమర్చినాడు. వచ్చినవారు నలువదిమందికి మించరు. అయినను ఊఁ కొట్టినారు. కథ నాలుగు గంటలు సాగినది. మరునాడు కాశీబుగ్గలో ఆ ముద్రణను పెట్టినాము. వంటయింటిలో బియ్యము ఏరుకొనుచున్న మా అక్కగారు మొదట పట్టించుకొనలేదు. కొంతసేపటికి చేట ప్రక్కన పెట్టి గుమ్మము దగ్గరకు వచ్చి కూర్చున్నది. ఫోనులో కథకుడు ఒక వాక్యము చెప్పి ఆగినాడు. ఆ నలువదిమందితోపాటు మా అక్కయు "ఊఁ" అన్నది.